పన్ను ఎంత కాలానికి మంజూరైంది?

చరిత్ర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రాజులకూ పార్లమెంట్లకూ మధ్య నడిచిన అధికార పోరాటం అది. కాలేజీలో చరిత్ర చెప్పిన రోజుల నుంచీ నాకు ప్రాణమైన పాఠం. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి దీనికే చోటంతా ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్, పోటీ పరీక్షలకు చదువుతున్నాను. 1215లో మాగ్నా కార్టాతో ఇంగ్లండ్ రాజు పార్లమెంటుకు లొంగిపోయాడని నా నోట్సులో ఉంది. మరి నాలుగు వందల ఏళ్ల తర్వాత మళ్లీ యుద్ధం ఎందుకు వచ్చింది?

జవాబు: ముందు ఆ వాక్యాన్ని కొట్టేయండి. 1215లో అసలు పార్లమెంటే లేదు. ఆ జూన్‌లో థేమ్స్ నది ఒడ్డున రన్నీమీడ్ మైదానంలో జాన్ రాజు మెడలు వంచింది బారన్లు, అంటే తిరగబడ్డ పెద్ద పెద్ద భూస్వాములు. రాజ్యం సమ్మతి లేకుండా అదనపు పన్నులు వేయకూడదన్న షరతు అందులో ఉంది, అది 12వది. కానీ ఆగస్టులోనే పోప్ మూడో ఇన్నోసెంట్ ఆ పత్రం చెల్లదని ప్రకటించాడు. మరుసటి ఏడు జాన్ చనిపోయాక దాన్ని మళ్లీ జారీ చేసినప్పుడు ఆ 12వ షరతునే తీసేశారు. పరీక్షల్లో మాగ్నా కార్టా గురించి ఎన్నో అడుగుతారు, ఇది మాత్రం అడగరు. నా దృష్టిలో ముందు తెలుసుకోవాల్సింది ఇదే. రాజులు ఏ మాటనైనా ఇచ్చేవారు గానీ, డబ్బుకు సంబంధించిన మాట దగ్గరే మెలిక పెట్టేవారు.

పార్లమెంటు ఆ తర్వాత మెల్లగా రూపం దిద్దుకుంది. 1265లో సైమన్ డి మాంట్‌ఫర్ట్ అనే తిరుగుబాటు ప్రభువు రాజును తన గుప్పిట్లో పెట్టుకుని పిలిచిన సభకు పట్టణాల ప్రతినిధులు కూడా వచ్చారు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన యుద్ధంలో చనిపోయాడు, పద్ధతి మాత్రం నిలిచింది. యుద్ధాలకు డబ్బు కావాల్సి వచ్చినప్పుడల్లా మొదటి ఎడ్వర్డ్ కూడా అలాంటి సభలనే పిలిచాడు. సమ్మతి లేకుండా పన్నులు వేయనని 1297లో ఒప్పుకోక తప్పలేదు.

అయినా ఆ కాలపు పార్లమెంటు ఏడాది పొడవునా ఉండే సంస్థ కాదు. రాజు పిలిస్తే వచ్చేది, పొమ్మంటే పోయేది. 1558 నుంచి 1603 దాకా ఏలిన మొదటి ఎలిజబెత్ మొత్తం మీద పదిసార్లే పార్లమెంటును ఎన్నిక చేయించి పిలిపించింది. రాజు సొంత భూముల ఆదాయం, ఓడరేవుల్లో వచ్చే సుంకాలు సరిపోతే సభతో పని లేదు. ఆ సుంకాలను ప్రతి కొత్త రాజుకూ మొదటి పార్లమెంటులోనే జీవితకాలానికి రాసిచ్చేయడం వందేళ్లకు పైగా ఆనవాయితీ.

ఆ ఆనవాయితీ 1625లో తెగిపోయింది. మొదటి చార్లెస్ కొత్తగా గద్దెనెక్కాడు. పార్లమెంటులో దిగువ సభ అయిన కామన్స్ సభ ఆయనకు సుంకాలను ఒక్క ఏడాదికే ఇస్తూ బిల్లు చేసింది. ఎగువ సభ అయిన ప్రభువుల సభలో అది ముందుకు కదల్లేదు. చార్లెస్ బిల్లు లేకుండానే వసూలు చేయించాడు. అది చాలక మరుసటి ఏడు ధనవంతుల దగ్గర బలవంతపు అప్పులు తీసుకుని, ఇవ్వనన్నవాళ్లను జైల్లో పెట్టించాడు. 1628లో పార్లమెంటు ‘హక్కుల అర్జీ’ ముందు పెట్టి, అనుమతి లేని పన్ను వద్దని, కారణం చెప్పకుండా జైల్లో వేయొద్దని ఒప్పించుకుంది. ఏడాది తిరక్కుండానే మళ్లీ అదే గొడవ.

1629 మార్చి 2న సభను ఆపేయమని రాజు కబురు పంపాడు. స్పీకర్ జాన్ ఫించ్ లేవబోతే ఇద్దరు సభ్యులు ఆయన్ని కుర్చీలోనే అదిమి పట్టుకున్నారు. తలుపు లోపలి నుంచి తాళం వేశారు. బయట రాజు దూత తలుపు కొడుతున్నాడు, లోపల స్పీకర్ ఏడుస్తున్నాడు. అంత గందరగోళంలోనే, అనుమతి లేని సుంకం వసూలు చేసేవాడు, కట్టేవాడు కూడా దేశద్రోహులేనని తీర్మానం చేశారు. దానికి నాయకత్వం వహించిన జాన్ ఎలియట్ మూడేళ్ల తర్వాత లండన్ టవర్ జైల్లోనే చనిపోయాడు. ఈయన పేరు మన పుస్తకాల్లో కనిపించదు. నేను మాత్రం ప్రతి బ్యాచ్‌కీ చెప్పేదాన్ని.

ఆ తర్వాత పదకొండేళ్లు పార్లమెంటు లేదు. చార్లెస్ పాత చట్టాలన్నీ తవ్వి తీసి డబ్బు పిండాడు. యుద్ధ సమయంలో ఓడరేవు ఊళ్లు నౌకాదళానికి కట్టాల్సిన ‘ఓడ డబ్బు’ను 1635 నుంచి శాంతి సమయంలోనే, సముద్రం ముఖం చూడని జిల్లాల మీద కూడా వేశాడు. జాన్ హాంప్‌డెన్ అనే భూస్వామి తన వంతు 20 షిల్లింగులు కట్టనన్నాడు. ఆయనకు అదొక లెక్కలోది కాదు. కేసు పన్నెండు మంది జడ్జీల ముందుకు వెళ్తే ఏడుగురు రాజు వైపు, ఐదుగురు ఆయన వైపు మొగ్గారు. ఓడిపోయినా దేశమంతా హాంప్‌డెన్ పేరే.

చివరికి చార్లెస్‌ను దెబ్బతీసింది స్కాట్లండ్. అక్కడి చర్చిపై 1637లో కొత్త ప్రార్థన పుస్తకం రుద్దితే జనం తిరగబడ్డారు. సైన్యానికి డబ్బు లేక 1640లో పార్లమెంటును పిలవక తప్పలేదు. అదైనా మూడు వారాలకే రద్దు చేశాడు. స్కాట్ సైన్యం ఉత్తర ఇంగ్లండులోకి వచ్చి కూర్చున్నాక నవంబరులో మళ్లీ పిలిచాడు. ఈసారి వచ్చినవాళ్లు తేలిగ్గా ఇంటికి వెళ్లేవాళ్లు కాదు. తమ సమ్మతి లేకుండా తమను రద్దు చేయకూడదని 1641 మేలో చట్టమే చేసుకున్నారు. యుద్ధం ఎందుకు వచ్చిందంటే మతం ఉంది, ఐర్లండ్ తిరుగుబాటు ఉంది, సైన్యం ఎవరి చేతిలో ఉండాలన్న పట్టుదల ఉంది. వీటన్నిటికీ కింద పునాదిలా ఉన్నది మాత్రం 1625లో తెగిన ఆ ఆనవాయితీ.

ప్రశ్న: రాజు సైనికులతో సభలోకి వచ్చి ఐదుగురిని పట్టుకోబోయాడట కదా. ఆ రోజు ఏం జరిగింది? స్పీకర్ నిజంగా రాజుకు ఎదురు చెప్పాడా?

జవాబు: చెప్పాడు, అదీ మోకాళ్ల మీద కూర్చుని చెప్పాడు. ఆ భంగిమే నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

తేదీ 1642 జనవరి 4. కొందరు సభ్యులు స్కాట్లతో కుమ్మక్కయ్యారని, తన భార్య హెన్రియెట్టా మరియా మీద కూడా అభియోగం మోపబోతున్నారని చార్లెస్‌కు అనుమానం. కామన్స్ సభలో జాన్ పిమ్, జాన్ హాంప్‌డెన్, డెంజిల్ హోల్స్, ఆర్థర్ హాజెల్‌రిగ్, విలియం స్ట్రోడ్‌ల మీద రాజద్రోహం నేరం మోపాడు. ఈ హోల్స్ ఎవరనుకున్నారు? 1629లో స్పీకర్‌ను కుర్చీలో అదిమి పట్టిన ఇద్దరిలో ఒకడు.

ఆ మధ్యాహ్నం రాజు వందల మంది సాయుధులతో వెస్ట్‌మినిస్టర్‌కు వచ్చాడు. వాళ్లను గుమ్మం బయటే ఆపి, మేనల్లుణ్ని వెంటబెట్టుకుని లోపలికి నడిచాడు. తలుపు మూయనివ్వలేదు. బయట కత్తులు, తుపాకులు పట్టుకున్నవాళ్లు లోపలివాళ్లకు కనబడాలి కదా. సభ్యులంతా టోపీలు తీసి లేచి నిలబడ్డారు. మీ కుర్చీని కాసేపు వాడుకుంటానని స్పీకర్ విలియం లెంథాల్‌తో అని, కుర్చీ దగ్గర నిలబడి సభను కలయజూశాడు. పిమ్ ఉన్నాడా అని అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు. ఎక్కడున్నారో చెప్పమని లెంథాల్‌ను నిలదీశాడు.

లెంథాల్ అప్పటిదాకా ధైర్యవంతుడని పేరున్న మనిషేమీ కాదు. మోకాళ్ల మీద కూర్చుని, ఈ చోట సభ ఆదేశిస్తే తప్ప చూడటానికి నాకు కళ్లు లేవు, పలకడానికి నాలుక లేదు, నేను ఈ సభ సేవకుణ్ని అన్నాడు. అంతకుముందు స్పీకర్లు చాలావరకు రాజు మనుషులే. పదమూడేళ్ల క్రితం రాజు మాట కాదనలేక కుర్చీలో ఏడ్చిన ఫించ్‌ను గుర్తు చేసుకోండి. స్పీకర్ ఎవరి మనిషి అన్న ప్రశ్నకు లెంథాల్ ఆ ఒక్క నిమిషంలో తేల్చి చెప్పేశాడు.

ముందే కబురందిన ఆ ఐదుగురు పడవెక్కి లండన్ నగరంలోకి జారుకున్నారు. పక్షులన్నీ ఎగిరిపోయాయని చార్లెస్ అనక తప్పలేదు. ఆయన బయటికి వెళ్తుంటే వెనక నుంచి సభ్యులు ‘సభా హక్కులు, సభా హక్కులు’ అని కేకలు వేశారు. రష్‌వర్త్ అనే గుమాస్తా ఆ మాటలన్నీ సంక్షిప్తలిపిలో రాసుకున్నాడు. ఆ సాయంత్రమే రాజు అతన్ని పిలిపించి ఆ కాగితం తీసుకున్నాడు. మనకు ఈ దృశ్యం ఇంత స్పష్టంగా తెలియడానికి ఆ గుమాస్తా కలమే కారణం, నాకు ఆయనంటే ఎంతో గౌరవం.

మర్నాడు రాజు నగర పాలకుల దగ్గరకు వెళ్లి అడిగినా ఆ ఐదుగురిని అప్పగించలేదు. జనవరి 10న కుటుంబంతో లండన్ విడిచి వెళ్లిపోయాడు. 11న ఆ ఐదుగురూ నది మీద ఊరేగింపుగా వెస్ట్‌మినిస్టర్‌కు తిరిగొచ్చారు. ఆగస్టు 22న నాటింగ్‌హామ్‌లో రాజు యుద్ధ పతాకం ఎత్తాడు. 1649 జనవరిలో విచారణ కోసం తీసుకొచ్చినప్పుడు మళ్లీ లండన్‌లో అడుగుపెట్టాడు. ఈ రోజుకీ సమావేశాలు ప్రారంభించడానికి రాజు వచ్చేది ప్రభువుల సభకే, కామన్స్‌లోకి రాడు. ఆయన దూత కామన్స్ గుమ్మం దగ్గరకు రాగానే తలుపు ముఖం మీదే మూసేస్తారు. మూడుసార్లు తట్టాకే తెరుస్తారు.

ప్రశ్న: రాజు తల తీసేసి, పదకొండేళ్లకే ఆయన కొడుకును తెచ్చి గద్దె ఎక్కించారు. అంత రక్తపాతం వృథా కాదా అమ్మా?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. రాజు తల తీసిన 1649 జనవరి 30 అందరికీ గుర్తుంటుంది. నన్నడిగితే ఈ కథకు అసలు మలుపు 1690లో, రక్తం చుక్క కారని ఒక ఓటింగులో ఉంది.

యుద్ధంలో ఓడిన రాజును విచారించింది పూర్తి పార్లమెంటు కాదు. 1648 డిసెంబరులో కర్నల్ ప్రైడ్ సైనికులతో గుమ్మంలో నిలబడి, రాజుతో రాజీ కోరేవాళ్లను లోపలికి రానివ్వలేదు. మిగిలిన కొద్దిమందే కోర్టు వేశారు, మరణశాసనంపై 59 మంది సంతకాలు చేశారు. ఆ మిగిలిన సభను కూడా 1653 ఏప్రిల్‌లో పార్లమెంటు సైన్యాధిపతి ఆలివర్ క్రాంవెల్ సైనికులతో ఖాళీ చేయించాడు. రాజు చేయబోయి చేయలేకపోయిన పనిని సైన్యాధిపతి చేసేశాడు. 1658లో క్రాంవెల్ పోయాక పగ్గాలు పట్టే మనిషి లేడు. సైన్యం పెత్తనంతో విసిగిపోయిన దేశం 1660లో రెండో చార్లెస్‌ను పిలుచుకుంది.

ఆయన తెలివైనవాడు. 1670లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీతో రహస్య ఒప్పందం చేసుకుని అక్కడి నుంచి డబ్బు తెచ్చుకున్నాడు. 1681లో ఆక్స్‌ఫర్డ్‌లో పిలిచిన పార్లమెంటును వారానికే రద్దు చేశాడు. చనిపోయేదాకా మళ్లీ పిలవలేదు. అంటే ఒక రాజు తల తెగాక కూడా ఇంకో రాజు పార్లమెంటు లేకుండా నాలుగేళ్లు హాయిగా గడిపాడు. కారణం ఒక్కటే, ఖజానాకు లోటు లేదు.

తర్వాత వచ్చిన రెండో జేమ్స్‌కు 1685లో పార్లమెంటు విధేయత చూపించి ఆదాయమంతా జీవితకాలానికి ఇచ్చేసింది. వ్యాపారం పెరిగి సుంకాలు బాగా వచ్చాయి. పెద్ద సైన్యం పెట్టాడు, చట్టం అడ్డున్నా అందులో కాథలిక్ అధికార్లను నియమించాడు. సభ అభ్యంతరం చెప్పగానే నవంబరులో వాయిదా వేసి, మళ్లీ సమావేశపరచనే లేదు. 1625లో నేర్చుకున్న పాఠాన్ని అరవై ఏళ్లకు మర్చిపోయిన ఫలితం ఇది. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

1688 నవంబరు 5న జేమ్స్ కూతురు మేరీ భర్త, డచ్ పాలకుడు విలియం సైన్యంతో టోర్‌బే తీరంలో దిగాడు, డిసెంబరులో జేమ్స్ ఫ్రాన్స్‌కు పారిపోయాడు. 1689 హక్కుల చట్టం అందరికీ తెలుసు. పార్లమెంటు కాదన్న పన్ను లేదు, శాంతి సమయంలో దాని సమ్మతి లేని సైన్యం లేదు, సభలో మాట్లాడినదానికి బయట శిక్ష లేదు. గొప్ప చట్టమే. కానీ 1628 అర్జీలోనూ ఇలాంటి మాటలున్నాయి కదా, అవి రాజును ఆపాయా? తేడా తెచ్చింది పక్కనే జరిగిన రెండు చిన్న పనులు. సైన్యంలో క్రమశిక్షణ అమలుకు కావాల్సిన చట్టాన్ని కొద్దికాలానికే చేశారు, గడువు తీరినప్పుడల్లా రాజు మళ్లీ సభ దగ్గరకు రావాలి, లైసెన్సు రెన్యువల్ చేయించుకున్నట్టు. రెండోది, 1690లో సుంకాలను విలియం, మేరీలకు జీవితకాలానికి కాక నాలుగేళ్లకే మంజూరు చేశారు. తమను కాపాడటానికి వచ్చిన రాజుకే అలా ఇచ్చారు. విలియం నొచ్చుకున్నాడు కూడా. ఫ్రాన్స్‌తో యుద్ధం ఖర్చు తడిసి మోపెడవుతుంటే ఆయన ఏటా సభను పిలవక తప్పలేదు. 1689 నుంచి ఆ పార్లమెంటు సమావేశం కాని ఏడాది ఒక్కటీ లేదు.

ప్రశ్న: బ్రిటన్ రాజు ఇప్పుడు ఒక బిల్లుకు సమ్మతి ఇవ్వనంటే?

జవాబు: చివరిసారి అలా జరిగింది 1708లో. స్కాట్లండ్ మిలీషియా (పౌర సైన్యం) బిల్లుకు రాణి ఆన్ సమ్మతి ఇవ్వలేదు, అదీ మంత్రుల సలహా మీదే. చట్టం ప్రకారం సమ్మతి ఇప్పటికీ కావాలి. కాదనే అలవాటే పోయింది.

ప్రశ్న: ఫ్రాన్స్‌లోనూ ప్రతినిధుల సభ ఉండేది కదా. అక్కడ రాజులు ఎలా నెగ్గారు?

జవాబు: మళ్లీ అదే ప్రశ్న వేసుకోండి, పన్నును ఎంత కాలానికి మంజూరు చేశారు? ఇంగ్లండుతో నూరేళ్ల యుద్ధం నడుస్తుండగా 1439 తర్వాత ఏడో చార్లెస్ ‘తాయ్’ అనే పన్నును సభను అడగకుండానే ఏటా వసూలు చేసే స్థితికి వచ్చాడు. ప్రభువులకు దాని నుంచి మినహాయింపు ఉండేది, కాబట్టి అడ్డుకోవాల్సినవాళ్లే నోరెత్తలేదు. 1614లో పిలిచిన ఆ ప్రతినిధుల సభను, అంటే స్టేట్స్ జనరల్‌ను, మళ్లీ 1789 దాకా పిలవలేదు. అంటే 175 ఏళ్లు.

పదహారో లూయీ చివరికి ఎందుకు పిలిచాడంటే, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో పెరిగిన అప్పుల వడ్డీలకే ఆదాయంలో సగం దాకా పోతోంది. 1789 మే 5న వెర్సాయ్‌లో సభ మొదలైంది. జూన్ 17న సామాన్యుల ప్రతినిధులు తమదే జాతీయ సభ అని ప్రకటించుకున్నారు. మూడు రోజుల తర్వాత టెన్నిస్ కోర్టులో చేసిన ప్రమాణాన్ని అందరూ బొమ్మల్లో చూసే ఉంటారు. జూన్ 17నే వాళ్లు చేసిన ఇంకో తీర్మానం మాత్రం చాలామందికి తెలియదు. ఇప్పుడున్న పన్నులన్నీ ప్రజల సమ్మతి లేనివి కాబట్టి చెల్లవు, అయినా ఈ సభ కొనసాగినంత కాలం వసూలు చేసుకోవచ్చు, సభను చెదరగొట్టిన రోజున ఆగిపోతాయి అన్నారు. కత్తి పట్టకుండా రాజు చేతులు కట్టేసిన తీర్మానం అది. నాకు టెన్నిస్ కోర్టు ప్రమాణం కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ప్రశ్న: డబ్బు సభ చేతిలో ఉంటే రాజు లొంగుతాడని మీరు ఇంతకుముందు కూడా రాశారు. ప్రష్యాలో బిస్మార్క్ బడ్జెట్ లేకుండానే నాలుగేళ్లు పాలించాడు కదా. మీ వాదన అక్కడ నిలుస్తుందా?

జవాబు: మంచి దెబ్బ కొట్టారు. దీనికి జవాబు కొంచెం వివరంగానే చెప్పాలి.

1862లో జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో రాజు విల్‌హెల్మ్ సైన్యాన్ని పెంచాలని, సైనికులు మూడేళ్లు పని చేయాలని పట్టుబట్టాడు. దిగువ సభ ఆ ఖర్చును తిరస్కరించింది. రాజు గద్దె దిగడానికి పత్రం కూడా రాసుకున్నాడు. సెప్టెంబరులో బిస్మార్క్‌ను పిలిచి ప్రభుత్వ పగ్గాలు ఇచ్చాడు. బడ్జెట్ మీద రాజుకూ సభలకూ కుదరకపోతే ఏం చేయాలో రాజ్యాంగంలో లేదని, ఆ ఖాళీలో ప్రభుత్వాన్ని నడపాల్సింది రాజేనని బిస్మార్క్ వాదించాడు.

వాదన ఏదైనా, డబ్బు ఎలా వచ్చిందన్నది చూడండి. ఆ రాజ్యాంగంలోనే 109వ అధికరణం ఉంది. కొత్త చట్టం మార్చేదాకా పాత పన్నులు అలాగే వసూలవుతాయని దాని సారాంశం. సభకు ఖర్చును కాదనే హక్కు ఇచ్చారు, రాబడిని ఆపే హక్కు ఇవ్వలేదు. కాబట్టి సభ నాలుగేళ్లు గొంతు చించుకున్నా ఖజానాలో డబ్బు పడుతూనే ఉంది. ఇంగ్లండ్ 1690లో మూసిన తలుపును ప్రష్యా రాజ్యాంగం రాసినప్పుడే బార్లా తెరిచి పెట్టారు. అందుకే మీ ఉదాహరణ నా వాదనను పడగొట్టదు, ఇంకా గట్టిగా నిలబెడుతుంది.

అయితే ఇందులో డబ్బుకు మించిన విషయం ఒకటుంది, అది మీరన్నట్టు ఆలోచించాల్సిందే. 1866లో ఆస్ట్రియా మీద ప్రష్యా గెలిచింది. గెలిచిన వేడిలోనే బిస్మార్క్ సభ ముందుకు వచ్చి, బడ్జెట్ లేకుండా చేసిన ఖర్చును ఇప్పుడు ఆమోదించమని అడిగాడు. అంతవరకూ ఎదిరించిన ఉదారవాదుల్లో చాలామంది గెలుపు చూసి మెత్తబడ్డారు. అడిగినవాడు తప్పు ఒప్పుకున్నాడనీ, సభ హక్కు నిలబడిందనీ సర్దిచెప్పుకున్నారు. పాత పన్నులు ఆగకుండా వచ్చే ఆ అధికరణాన్ని మార్చాలని మాత్రం పట్టుబట్టలేదు. సెప్టెంబరు 3న ఆ చట్టం 230–75 ఓట్లతో నెగ్గింది.